చవుక స్థలము, వరద పల్లము: కొనుటకు ముందు వేయవలసిన లెక్క

పట్టణమునకు సమీపమున, బస్సు మార్గమునకు అందుబాటులో, మూడు సెంట్ల ఇంటిస్థలము చవుకగా అమ్మకమునకు వచ్చినదని తెలిసినచో కష్టజీవి కుటుంబమునకు ఆశ కలుగుట సహజము. అద్దె ఇంటి బాధ తీరును. పిల్లల బడి దగ్గరగును. పనికి పోయివచ్చుట సులభమగును. పదియేండ్లు దాచిన సొమ్మును, పొదుపు సంఘమున తీసిన ఋణమును, నగలు కుదువబెట్టి తెచ్చిన పైకమును కలిపి ఆ కుటుంబము బయానా ఇచ్చుటకు సిద్ధపడును. ఆ క్షణమున అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. మెరకమీద సెంటు రెండు లక్షలు పలుకుచుండగా ఈ స్థలము లక్షకే ఏల వచ్చుచున్నది?

చవుకకు కారణములు పెక్కు ఉండవచ్చును. అమ్మువానికి అత్యవసరము కావచ్చును. దారి సరిగా లేకపోవచ్చును. కాని తరచుగా ఉండునది, అమ్మువాడు తనంత తాను చెప్పనిది మరియొకటి కలదు. ఆ స్థలము నీటి దారిలో ఉన్నది. నీరు పల్లమెరుగునని పెద్దల మాట. కొనువాడును పల్లము నెరుగవలెను.

అట్లని పల్లపు స్థలము నెన్నడును కొనరాదని చెప్పుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. మెరక అందరకును అందదు. పని దొరకు చోటనే పేదవాడు ఇల్లు కట్టుకొనవలసి యున్నది. ఏ పల్లము కొనరానిది, ఏది కొనదగినది, కొన్నచో అదనపు ఖర్చెంత అను సంగతులు బయానా ఇవ్వకముందే తెలిసికొనుట యెట్లో వివరించుటయే ఇచట సంకల్పించిన పని.

బుడమేరు నేర్పిన పాఠము

బుడమేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, విజయవాడ నగరమునకు ఉత్తరముగా ప్రవహించి, కొల్లేరు సరస్సులో కలియు వాగు. వేసవిలో చూచినవారికి అది యొక మురుగుకాలువవలె కనిపించును. వెలగలేరువద్ద రెగ్యులేటరు నిర్మించి, వరద నీటిలో కొంత భాగమును మళ్లింపు కాలువద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణానదిలోనికి పంపు ఏర్పాటు కలదు.

2024 ఆగస్టు నెలాఖరునను, సెప్టెంబరు 1వ తేదీనను కురిసిన కుంభవృష్టికి ఆ వాగు పొంగినది. మళ్లింపు కాలువ గట్టు మూడు చోట్ల తెగినది. అదే సమయమున కృష్ణయు వరదలో నుండెను. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజివద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల ప్రవాహము నమోదైనది. నది నిండియున్నప్పుడు అందు కలియవలసిన కాలువ నీరు లోనికి పోజాలక వెనుకకు తన్నును. అజిత్‌సింగ్‌ నగరు, పాయకాపురము, వాంబే కాలనీ, రాజరాజేశ్వరీపేట మున్నగు ప్రాంతములు నీట మునిగినవి. క్రింది అంతస్తులలోని కుటుంబములు డాబాలమీదకు చేరి సహాయమునకై ఎదురుచూడవలసి వచ్చినది. పడవలతోను, హెలికాప్టర్లతోను, డ్రోనులతోను ఆహారము అందించిరి. గండ్లను పూడ్చుటకు సెప్టెంబరు 7వ తేదీ వరకు పట్టినది. అదే వర్షములకు ఖమ్మములో మున్నేరు పొంగి ఒడ్డునగల కాలనీలను ముంచినది.

విజయవాడలో ముంపునకు గురియైన క్రింది అంతస్తు కుటుంబములకు 25 వేల రూపాయలు, పై అంతస్తుల వారికి 10 వేల రూపాయలు ప్రభుత్వము సాయముగా ప్రకటించెను. ఆపదలో ఆ సాయము అక్కరకు వచ్చినది. కాని బియ్యము, బట్టలు, మంచములు, విద్యుత్ సామగ్రి, వాహనము, పిల్లల పుస్తకములు అన్నియు ఒకేసారి పోయిన ఇంటికి అది ఊరటయే కాని నష్టపరిహారము కాజాలదు. సాయము నమ్ముకొని స్థలము కొనుట తగదు.

బుడమేరు 2005లోను నగరమును ముంచియుండెను. ఆ వరదకును 2024 వరదకును నడుమ 19 సంవత్సరములు గడచినవి. ఆ నడుమ కాలములో స్థలము కొన్నవారికి వాగు శాంతముగనే కనిపించెను.

మరపు యొక్క ప్రమాదము

గోదావరిని చూచినచో ఈ సంగతి మరింత స్పష్టమగును. భద్రాచలమువద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు ఇచ్చెదరు. 1986 ఆగస్టులో అచట మట్టము 75.6 అడుగులకు పెరిగినది. 1990లో 70 అడుగులు దాటినది. తరువాత మరల 70 అడుగులు దాటుటకు 32 ఏండ్లు పట్టినది. 2022 జూలైలో 71.3 అడుగులు నమోదైనది.

1991లో ఒడ్డున ఇల్లు కట్టిన గృహస్థుని తలంచుడు. అతని పిల్లలు అచటనే పుట్టి, పెరిగి, పెండ్లిండ్లు చేసికొని యుందురు. నడుమ చిన్న వరదలు వచ్చి పోవుచుండును. “ఇంతకు మించి నీరు రాదు” అని అతడు చెప్పినచో అది అబద్ధము కాదు. అతడు చూచినది అంతియే. కావున స్థలము కొనువారు పదేండ్ల కాపురస్థులను కాక, ఊరిలో అరువది, డెబ్బది ఏండ్లు దాటిన వృద్ధులను అడుగవలెను.

అధికారులు, ఇంజనీర్లు “వందేండ్ల వరద” అను మాట వాడుట కలదు. నూరేండ్లకు ఒకసారి వచ్చి, తరువాత నూరేండ్లు రానిదని దానికి అర్థము కాదు. ఏ సంవత్సరమునందైనను అది వచ్చుటకు నూటికి ఒక పాలు అవకాశము కలదని అర్థము. ఇల్లు ఒక ఏడాదికి కట్టుకొనునది కాదు. ముప్పది యేండ్లు నివసించు ఇంటికి లెక్క వేసినచో, ఆ కాలములో ఒకసారియైనను అట్టి వరద వచ్చుటకు నూటికి 26 పాళ్లు అవకాశమున్నది. యాబదేండ్ల వరదకైనచో 45 పాళ్లు. ఇరువదియైదేండ్ల వరదకైనచో 71 పాళ్లు. “పాతికేండ్ల కొకసారి వచ్చునది” అని తేలికగా త్రోసివేయు వరద, ముప్పదేండ్ల కాపురములో రాకుండుటకంటె వచ్చుటకే ఎక్కువ అవకాశము కలదు.

నీరు ఎట్లు వచ్చును?

వరదలన్నియు ఒక్క తీరువి కావు. పెద్ద నది వరద సాధారణముగా ముందుగా తెలియును. ఎగువ కేంద్రములలో మట్టము కొలిచి కేంద్ర జలసంఘము వరద అంచనాలు ప్రకటించుచుండును. పశువులను తోలుకొని, ధాన్యము తరలించుటకు వ్యవధి దొరకును. వాగు వరద అట్టిది కాదు. కొండలలో వాన కురిసిన కొలది గంటలకే, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రివేళ, ఉరవడితో వచ్చి పడును. మూడవది మురుగు ముంపు. దీనికి వేగము లేదు. కాని నీరు పోవు దారి లేక రోజులతరబడి నిలుచును. నాలుగవది చెరువుకట్ట గాని, కాలువగట్టు గాని తెగుట. ఇది అరుదు, వచ్చినచో మిక్కిలి ప్రమాదకరము.

కరకట్టకు లోపల ఉన్నాము గదాయని ధైర్యపడువారు కలరు. కరకట్ట చిన్న వరదలను ఆపును. అది గొప్ప మేలు. కాని కట్ట తెగినచో నీరు ఒక్కసారిగా వచ్చును. కట్ట తెగకున్నను, నది నిండుగానున్నప్పుడు తూములు మూయవలసి వచ్చును గాన లోపల కురిసిన వాన బయటికి పోజాలదు.

అందుచేత “ఇచట నీరు వచ్చునా?” అని మాత్రమే అడిగిన చాలదు. నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఎంత లోతు వచ్చినది? ఎంత వడిగా వచ్చినది? ఎన్ని రోజులు నిలిచినది? వచ్చుటకు ముందు ఎంత వ్యవధి దొరికినది? ఆడవారిని తప్పక అడుగుడు. ఎన్ని పూటలు పొయ్యి వెలుగలేదో, త్రాగునీరు ఎచటినుండి తెచ్చిరో వారు కచ్చితముగా చెప్పుదురు.

నేల చెప్పు సాక్ష్యము

మనుష్యులు మరచినను నేల మరువదు. వేసవిలో స్థలము చూచి బేరము ముగింపక, గట్టి వాన కురిసిన మరునాడు మరల పోయి చూడవలెను. గోడలపై చెమ్మ గీత ఎంత ఎత్తున నున్నది? స్థలములో తుంగ, జమ్ము మొలచియున్నవా? అవి మొలచినచో అచట నీరు నిలుచునని తెలియును. ఇరుగుపొరుగు ఇండ్ల గడపలకు అడ్డుగా ఇటుకల వరుస కట్టియున్నదా? పాత ఇండ్లన్నియు ఎత్తైన అరుగులపై నుండి, క్రొత్త ఇండ్లు మాత్రము నేలమట్టమున నున్నవా? పాతవారు ఊరక ఎత్తు లేపి యుండరు. పూర్వులు గ్రామకంఠమునకు దిబ్బను ఎన్నుకొని, పల్లమును పొలమునకు విడిచిన ఊళ్లు పెక్కు కలవు. ఆ పొలమే నేడు ప్లాట్లుగా మారుచున్నది.

బడి గోడ, గుడి మెట్లు, విద్యుత్ స్తంభము - వీటిలో దేనిపైననో గత వరద ఆనవాలు ఉండును. ఆ గుర్తునుండి స్థలము వరకు ఒక పారదర్శక గొట్టములో నీరు నింపి మట్టము చూచినచో, ఇంటి నేల ఆ గుర్తునకు ఎంత క్రిందనున్నదో తెలియును. ఏ తాపీ మేస్త్రియైనను ఈ పని చేయగలడు.

కాగితములు చెప్పునది, చెప్పనిది

రిజిస్ట్రేషను అయినది గనుక స్థలము నిర్దోషమని భావించుట పొరపాటు. రిజిస్ట్రేషను క్రయవిక్రయమును నమోదు చేయును. ఇల్లు కట్టుటకు ఆ నేల యోగ్యమని ధ్రువీకరింపదు. ఈ.సి. పత్రము ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపును; వరదనుగూర్చి ఏమియు చెప్పదు. కావున సర్వే నంబరు తీసికొని గ్రామ రెవెన్యూ రికార్డులను చూడవలెను. గ్రామపటములో వాగు ఏ దారిని పోవుచున్నది? ఆ నంబరు వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు, శిఖము అని వ్రాయబడియున్నదా? 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నదా? తెల్లకాగితముపై వ్రాసి అమ్మిన పోరంబోకు స్థలమునకు హక్కు రాదు. తొలగించిన దినమున అమ్మినవాడు కనిపించడు.

దూరముల విషయములో 2012లో ఉమ్మడి రాష్ట్రమున జారీయైన భవన నిర్మాణ నియమములు తెలిసికొనదగినవి. వాటి ప్రకారము 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్ల వరకు, అంతకు చిన్నవైన చెరువులకు, కుంటలకు 9 మీటర్ల వరకు కట్టడములు కూడవు. 10 మీటర్లకు మించిన వెడల్పుగల వాగు, కాలువల హద్దునుండి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గలవానికి 2 మీటర్లు విడువవలెను. నదికి పట్టణ పరిధి వెలుపల 100 మీటర్లు, లోపల 50 మీటర్లు విడువవలెను. తరువాత రెండు రాష్ట్రములలోను నియమములు సవరింపబడుచు వచ్చినవి గాన, నేడు తమ ఊరికి వర్తించునదేదో పంచాయతీ కార్యాలయమున గాని, పురపాలక కార్యాలయమున గాని అడిగి, లేఔటునకు అనుమతి కలదో లేదో లిఖితముగా తెలిసికొనవలెను.

ధనపు లెక్క

ఇక ఒక ఉదాహరణ తీసికొందము. ఇందలి ధరలు లెక్కకై ఊహించినవి. ఎవరి ఊరి ధరలు వారు వేసికొనవలెను. పల్లములో మూడు సెంట్లు 3 లక్షలు, మెరకమీద మూడు సెంట్లు 6 లక్షలు అనుకొందము. కంటికి కనిపించు లాభము 3 లక్షలు.

మూడు సెంట్లనగా సుమారు 1,307 చదరపు అడుగులు. దానిని నాలుగడుగులు లేపుటకు 5,200 ఘనపుటడుగులకు పైగా మట్టి కావలెను. ట్రాక్టరు ట్రక్కుకు నూరు ఘనపుటడుగుల చొప్పున 52 ట్రక్కులు. దిమ్మిస చేసినప్పుడు అణగుటకు అదనముగా కలిపి 65 ట్రక్కులు. ట్రక్కు 1,200 రూపాయలైనచో 78 వేలు. మట్టి కోసుకొనిపోకుండ చుట్టును రాతికట్టు, మెట్లు కలిపి 82 వేలు. డాబామీదకు మెట్లు, సామాను పెట్టుకొనుటకు గట్టి అటక 60 వేలు. మొత్తము 2 లక్షల 20 వేలు. మూడు లక్షల లాభములో మిగిలినది 80 వేలు.

ఇంత చేసినను దానిని మించిన వరద ఒక్కసారి వచ్చినదనుకొందము. ఇద్దరు పనివారికి రోజుకు 500 చొప్పున పదునైదు రోజుల కూలి 15 వేలు, పాడైన సామాను 35 వేలు, తలుపులు, విద్యుత్ తీగలు, సున్నము 30 వేలు. మిగిలిన 80 వేలును ఆ ఒక్క వరదతో పోయినవి.

అయితే లెక్క ఒక ప్రక్కనే వేయుట న్యాయము కాదు. మెరక స్థలము పనికి దూరమై, బస్సుకు రోజుకు 40 రూపాయలైనచో, ఏడాదికి 300 పనిదినములకు 12 వేలు, పదియేండ్లకు లక్షా 20 వేలు అగును. అనగా ధనము మాత్రమే చూచినచో ఒక్కొక్కప్పుడు పల్లమే మేలుగా తోచును. ఈ కారణముచేతనే వివేకవంతులును పల్లములో కొనుచున్నారు. వారిని తెలివితక్కువవారని నిందించుట తగదు.

కాని ఈ లెక్కలో వ్రాయని పద్దు ఒకటి కలదు. అది ప్రాణము. మోకాటిలోతు నిలుచు మురుగు ముంపునకు ధనపు లెక్క చెల్లును. అర్ధరాత్రి మెడలోతున వచ్చిపడు వాగునకు ఏ లెక్కయు చెల్లదు. కావున మొదట ప్రాణపు పరీక్ష, అందు నెగ్గిన స్థలమునకే ధనపు పరీక్ష.

ఎట్టివి కొనరాదు?

ఎంత చవుకైనను ఈ స్థలములను విడువవలెను: వాగు గర్భములోను, దాని మలుపులో నీరు కోయు ఒడ్డుననున్నవి, చెరువు పూర్తి నీటిమట్టము లోపలివి, చెరువు అలుగు నీరు పోవు దారిలోనివి, బలహీనమైన గట్టు దిగువన ఆనుకొని యున్నవి, గత వరదలో నిలువులోతు నీరు వచ్చినవి, నీరు రాకముందే మునుగు దారి తప్ప వేరు దారి లేనివి. కడపటిదానిని పెక్కుమంది గమనింపరు. ఇల్లు ఎత్తుననున్నను దారి మునిగినచో గర్భిణులు, వృద్ధులు, రోగులు లోపలనే చిక్కుకొందురు.

కొన్నచో చేయవలసినవి

నీరు నెమ్మదిగా వచ్చి, లోతు స్వల్పమై, బయటపడుటకు దారియున్న స్థలమును కొన్నచో, ఇంటి నేలను గత వరద గుర్తునకు కనీసము రెండడుగుల పైన ఉంచవలెను. మట్టిగోడ నానినచో కూలును. సిమెంటు పెట్టిన ఇటుక గోడ గాని, రాతి గోడ గాని కట్టవలెను. నల్లరేగడి నేల తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు బీటలు వారును గాన పునాదికి ఇంజనీరు సలహా పొందవలెను. విద్యుత్ మీటరును, స్విచ్చులను వరద గుర్తునకు పైన బిగింపవలెను. బోరు గట్టును, మరుగుదొడ్డి తొట్టి మూతను ఎత్తుగా కట్టవలెను. లేనిచో త్రాగునీరు కలుషితమగును. డాబామీదకు బయటినుండియే మెట్లు ఉండవలెను. స్థలము లేపునప్పుడు ప్రక్కవాని నీటి దారి మూయరాదు. మూసినచో వరదకు తగవు తోడగును.

ఇంటికి బీమా చేయించుట మంచిది. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి సాధారణ బీమా సంస్థలు భారత్ గృహరక్ష అను ప్రామాణిక పాలసీని ఇచ్చుచున్నవి. దీనికి వరద, ముంపుల నష్టము వర్తించును. ఇంటి బీమా మొత్తములో నూటికి 20 పాళ్లు, పది లక్షలకు మించకుండ, ఇంటి సామానునకును రక్షణ కలదు. కట్టడమునకే గాని స్థలపు విలువకు బీమా లేదని గుర్తుంచుకొనవలెను. పట్టా, ఆధార్, బ్యాంకు పుస్తకముల నకళ్లు వేరొక చోట భద్రపరచుట మరువరాదు.

బయానాకు ముందు ఒక వారము

అమ్మువాడు తొందర పెట్టును. “రేపటికి వేరొకరు కొనుక్కొందురు” అని చెప్పును. ఒక వారము గడువు అడుగుడు. ఆ వారములో ఇద్దరు వృద్ధులను, ఒక ఇల్లాలిని, ఒక తాపీ మేస్త్రిని, ఊరి లైన్‌మన్‌ను విచారింపుడు. సర్వే నంబరు పట్టుకొని సచివాలయమునకో, పంచాయతీ కార్యాలయమునకో పోవుడు. ఇంట కూర్చుండి భార్యాభర్తలిరువురును కాగితముపై పైలెక్క వేసికొనుడు. అడిగినందుకు కోపగించి అమ్మువాడు బేరము విడిచినచో నష్టపడినది ఏమియు లేదు, తెలియవలసినది తెలిసినట్లే.

స్థలమునకు ఇచ్చిన వెల ఒక్కసారితో తీరును. పల్లము అడుగు వెల మాత్రము వానకాలము వచ్చినప్పుడెల్ల వాయిదాలుగా తీర్చవలెను. ఆ వాయిదాలు మన శక్తిలో ఉన్నవో లేవో ముందే తెలిసికొని కొన్న కుటుంబము, కుండపోత వాన కురియు రాత్రియు తన ఇంట ధైర్యముగా నిద్రింపగలదు.